ఉపన్యాసకుడుగా మైకేల్ ఫారడే

తెలిసియుండుట వేరు, తెలియజెప్పుట వేరు. ఒక విషయమును ఆమూలాగ్రముగా ఎరిగినవాడు పదిమంది యెదుట నిలిచి దానిని చెప్పబోయి తడబడుటయు, వినువారు ఆవులించుటయు మనము తరచుగా చూచుచునే యుందుము. అట్టి సమయములలో "పాపము, ఆయనకు వాక్కు లేదు" అని సరిపెట్టుకొందుము. మాటనేర్పు పుట్టుకతో రావలసినదే గాని సాధనచే వచ్చునది కాదను నమ్మకము విద్యార్థులలోనే గాక ఉపాధ్యాయులలో సైతము గట్టిగా నాటుకొని యున్నది. నోరు తిరుగని పిల్లవాడు వెనుక బల్లమీదనే మిగిలిపోవుటకు ఈ నమ్మకమే చాలవరకు కారణము.

ఇది నిజమా? దీనికి సమాధానము చెప్పగల జీవితము మైకేల్ ఫారడేది. 1831 లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టి, నేటి విద్యుదుత్పాదక యంత్రములకు పునాది వేసిన శాస్త్రజ్ఞుడుగా అతనిని ఎల్లరు ఎరుగుదురు. తన కాలమున ఇంగ్లండులో శాస్త్రవిషయములను జనులకు బోధపరచుటలో అతనిని మించినవాడు లేడని పేరుపొందెను. ఆ పేరు అతనికి పుట్టుకతో రాలేదు. ప్రయోగశాలలో ఒక పరికరమును అమర్చుకొన్నట్లే, ఎన్నో యేండ్లు శ్రమపడి అతడు తన ఉపన్యాసమును అమర్చుకొనెను.

వినుటతో మొదలు

ఫారడే 1791 సెప్టెంబరు 22 న లండను సమీపమున ఒక పేద కమ్మరి యింట జన్మించెను. బడిలో అతడు నేర్చినది చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు మాత్రమే. పదునాలుగవ యేట జార్జి రీబో అను పుస్తక విక్రేతయొద్ద పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు చేరెను. ఏడేండ్లు ఆ పనిలో గడచినవి. అట్టకట్టుటకు వచ్చిన పుస్తకములను అతడు కట్టి ఊరకొనలేదు, చదివెను. అట్లు చదివిన వాటిలో జేన్ మార్సెట్ అను విదుషీమణి వ్రాసిన రసాయనశాస్త్ర సంభాషణల గ్రంథ మొకటి. హంఫ్రీ డేవీ ఉపన్యాసములను విని, వాటి ప్రేరణచే ఆమె దానిని రచించెను. ఒక ఉపన్యాసము ఒక పుస్తకమై, ఆ పుస్తకము ఒక బాలుని చేతికి వచ్చినది.

1810 లో జాన్ టేటమ్ అను నతడు తన యింట శాస్త్రవిషయములపై ఉపన్యాసము లిచ్చుచుండెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. ఫారడేకు ఆ షిల్లింగు కూడ లేదు. కమ్మరపని చేయుచుండిన అన్న రాబర్టు ఇచ్చెను. ఫారడే అచ్చట విన్న ప్రతి విషయమును వ్రాసికొనెను. పరికరముల చిత్రములు సరిగా గీయుటకై, రీబో యింట అద్దెకుండిన ఒక ఫ్రెంచి చిత్రకారునియొద్ద చిత్రలేఖనము అభ్యసించెను. ఆ వ్రాతలను తానే నాలుగు సంపుటములుగా అట్టకట్టెను.

ఆ సంపుటములే అతనికి మరొక ద్వారము తెరచినవి. రీబో దుకాణమునకు వచ్చు విలియమ్ డాన్స్ అను పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యుడు. ఇది 1799 లో లండనులో వెలసిన శాస్త్రసంస్థ. ఫారడే శ్రద్ధను గ్రహించి, డాన్స్ అతనికి అచ్చట డేవీ ఇచ్చు ఉపన్యాసములకు ప్రవేశపత్రము లిచ్చెను. 1812 ఫిబ్రవరి 29, మార్చి 14, ఏప్రిల్ 8, ఏప్రిల్ 10 తేదీలలో జరిగిన ఆ నాలుగు ఉపన్యాసములను ఫారడే ఉపన్యాసశాల పై వరుసలో, గడియారమునకు ఎగువన కూర్చుండి వినెను. డేవీ అప్పటికి లండను జనులను ఉఱ్ఱూతలూగించుచుండిన వక్త. అతని ఉపన్యాసము లున్న రోజులలో ఆల్బిమార్లు వీధి బండ్లతో క్రిక్కిరిసి పోయెడిదట.

ఈ నాలుగు ఉపన్యాసములను గూడ ఫారడే సాపు వ్రాసి, బొమ్మలు చేర్చి, 300 పుటలకు పైబడిన గ్రంథముగా కట్టి, 1812 డిసెంబరులో ఒక లేఖతో పాటు డేవీకి పంపెను. 1813 మార్చి 1 న డేవీ ప్రయోగశాలలో సహాయకుడుగా నియమింపబడెను. వేతనము వారమునకు 25 షిల్లింగులు, ఉండుటకు ఆ భవనపు పై అంతస్తున రెండు గదులు.

ఫారడే శాస్త్రప్రపంచములో అడుగిడినది ఒక ఉపన్యాసమును శ్రద్ధగా వినుట వలననే. ఆ పై వరుసలోని ఆసనమును అతడు జీవితాంతము మరువలేదు.

మిత్రునకు వ్రాసిన లేఖలు

ప్రయోగశాలలో చేరిన మూడు నెలలకే, 1813 జూన్ మాసమున, ఫారడే తన మిత్రుడు బెంజమిన్ ఆబట్‌కు వరుసగా కొన్ని లేఖలు వ్రాసెను. వాటి విషయము ఉపన్యాసము. అప్పటి కతనికి ఇరువది యొకటవ యేడు. అంతవరకు తానుగా ఒక్క ఉపన్యాసమైనను ఇచ్చియుండలేదు. కాని పరికరము లందించుచు అనేక ఉపన్యాసకులను మిక్కిలి దగ్గరగా చూచుచుండెను. ఏది ఫలించుచున్నదో, ఏది చెడుచున్నదో, ఒక రసాయనచర్యను గమనించినట్లు గమనించెను.

ఆ లేఖలలో అతడు మొదట ఎత్తుకొన్నది మాటనేర్పును గాదు, గదిని. గాలి ఆడని గదిలో, వేడిలో, ఎంత గొప్ప ఉపన్యాసమైనను శ్రోతల మనస్సున కెక్కదు. అలసట వక్త వలన గాక గది వలన గూడ కలుగవచ్చును. తరువాత బల్ల. పరికరములు అందరికి కనబడవలెను గాని వక్తను కప్పివేయరాదు. పటములు, పట్టికలు పెద్దవిగా వ్రాసి ఎదుట వ్రేలాడదీయవలెను.

వక్తను గూర్చిన సూచనలు ఇంకను సూక్ష్మమైనవి. వక్త బల్లకు అతుక్కొని పోరాదు, అట్లని అటు నిటు పరుగులెత్తరాదు. శ్రోతలకు వీపు చూపరాదు. తొందరపడరాదు. చప్పట్లకై ఆశించి మాటలాడుట వక్త స్థాయికి తగదు. క్షమాపణలు చెప్పుకొనుట ఎంత తక్కువయైన అంత మంచిది. శ్రోతల ఆసక్తి మొదట వెలిగించిన దీపమువలె చివరివరకు ఒకే కాంతితో నిలువవలెను గాని నడుమ కొడిగట్టరాదు. ఒక గంటకు మించిన ఉపన్యాసము ఎవ్వరికిని పనికిరాదు. అనుకోని సంఘటన ఏదైన జరిగినచో దానిని గూడ విషయమునకు ఉదాహరణగా మలచుకొను సమయస్ఫూర్తి వక్తకు శోభనిచ్చును.

ఈ సూచనలన్నియు ఒక్క మూలము నుండి పుట్టినవే. వక్త తన వైపు నుండి గాక, వినువాని వైపు నుండి ఉపన్యాసమును చూడవలెను. తనకు ఎంత తెలియునో చూపుటకు నిలిచినవాడు ఒక రీతిగా మాటలాడును. ఎదుటివానికి ఏమి తెలియలేదో ఎరిగి నిలిచినవాడు మరొక రీతిగా మాటలాడును.

నాలుకకు సాధన

సూత్రములు వ్రాసికొనుట సులభము, ఆచరించుట కష్టము. ఫారడే మొదటి ఉపన్యాసమును 1816 జనవరి 17 న, పదార్థముల సామాన్య ధర్మములను గూర్చి, సిటీ ఫిలసాఫికల్ సొసైటీలో ఇచ్చెను. శాస్త్రమున ఆసక్తిగల సామాన్యులు టేటమ్ యింట సమావేశమై నడుపుకొను సంఘ మది. తరువాతి రెండేండ్లలో అచ్చటనే రసాయనశాస్త్రముపై అనేక ఉపన్యాసము లిచ్చెను. తప్పులు చేయుటకు, దిద్దుకొనుటకు తనవంటి వారి నడుమ దొరకిన ఆ చిన్న వేదిక అతనికి ఎంతయో ఉపకరించినది.

1818 లో బెంజమిన్ స్మార్ట్ అను ఉచ్చారణ బోధకుని ఉపన్యాసములకు ఫారడే సొమ్ము చెల్లించి వెళ్లెను. స్వల్ప వేతనము తెచ్చుకొను ఒక సహాయకునకు అది చిన్న వెచ్చము గాదు. తరువాతి కాలమున, తనకు పేరు వచ్చిన పిమ్మట గూడ, అదే స్మార్ట్‌ను తన ఉపన్యాసములకు పిలిచి, వాటిలోని దోషములను చెప్పించుకొనెను.

తనకై తాను వ్రాసికొన్న నియమములు కొన్ని అతని కాగితములలో లభించినవి. అన్న మాటను మరల అనరాదు. చెప్పిన వాక్యమును సవరించుటకు వెనుకకు పోరాదు. మాట దొరకనప్పుడు "ఆ... ఆ..." అని సాగదీయక, నోరు మూసికొని ఒక క్షణము ఆగవలెను, ఆ మాట తానే వచ్చును, చెడు అలవాటు పోవును. ఇతరులు చూపిన దోషమును శంకింపక దిద్దుకొనవలెను. ఈ నాలుగింటిలో చివరిది అన్నిటికన్న కష్టమైనదని వేరుగా చెప్పనక్కరలేదు.

అతని మిత్రుడు ఎడ్వర్డు మాగ్రాత్ ఉపన్యాస సమయమున ఎదుట కూర్చుండెడివాడు. ఫారడే మాట వేగము హెచ్చినచో "మెల్లగా" అను అర్థము గల అట్టముక్కను, గంట ముగియవచ్చినచో "వేళయైనది" అను అట్టముక్కను చూపుట అతని పని. అప్పటికి ఫారడే ఐరోపా అంతట ప్రసిద్ధి పొందిన శాస్త్రజ్ఞుడు. అయినను ఆ అట్టముక్కలను తీసివేయింప లేదు.

1825 లో ఫారడే ప్రయోగశాలాధిపతి అయ్యెను. ఆ కాలముననే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రెండు సంప్రదాయములు మొదలైనవి. ఒకటి శుక్రవారపు సాయంకాల ప్రసంగములు. వీటిలో ఫారడే ఒక్కడే నూటికి పైగా ఇచ్చెను. రెండవది క్రిస్మసు సెలవులలో బాలబాలికలకు ఇచ్చు ఉపన్యాసములు. 1827 నుండి 1860 వరకు పందొమ్మిది సంవత్సరముల బాలోపన్యాసములను ఫారడేయే నిర్వహించెను. 1855 డిసెంబరులో లోహములను గూర్చి అతడు చెప్పుచుండగా విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు తన కుమారులతో కూడ వచ్చి పిల్లల నడుమ కూర్చుండి వినెను.

క్రొవ్వొత్తి కథ

ఈ బాలోపన్యాసములలో మిక్కిలి ప్రసిద్ధమైనవి క్రొవ్వొత్తిని గూర్చినవి. వీటిని ఫారడే 1848 లో ఒకసారి, 1860 డిసెంబరు చివర మరియొకసారి ప్రారంభించి ఇచ్చెను. రెండవ పర్యాయము ఒక లేఖకుడు మాటకు మాట వ్రాసికొనగా, విలియమ్ క్రుక్స్ సంపాదకత్వమున 1861 లో పుస్తకముగా వెలువడినది. అనేక భాషలలోనికి పరివర్తన మైనది.

మొత్తము ఆరు ఉపన్యాసములు. రసాయనశాస్త్ర మంతయు ఎదుట నుండగా ఫారడే క్రొవ్వొత్తినే ఏల తీసికొనెను? అది ప్రతి పిల్లవాని యింట నుండునది. తెలిసిన వస్తువుతో మొదలిడి తెలియని దానికి కొనిపోవుట అతని పద్ధతి. మొదటి ఉపన్యాసమున అతడు చూపిన వస్తువులలో ఒక పాత క్రొవ్వొత్తి యుండెను. 1782 లో మునిగిపోయిన రాయల్ జార్జి అను నౌక నుండి దానిని పైకి తీసిరి. ఏండ్ల తరబడి ఉప్పునీటిలో నానినను, వెలిగింపగా అది చక్కగా మండెను. పిల్లల చూపు బల్లపైకి మరలుటకు ఇంతకన్న ఏమి కావలెను?

పిదప ప్రశ్న. వత్తి చుట్టు కరగిన మైనము చిన్న గిన్నెవలె ఏల నిలుచుచున్నది? వేడిగాలి పైకి లేచుచుండగా, చుట్టునుండి వచ్చు చల్లనిగాలి అంచులను కరగనీయక కాపాడుచున్నది. అందమునకై గాడులు తీర్చిన క్రొవ్వొత్తులలో ఈ గిన్నె సరిగా ఏర్పడదు, మైనము ప్రక్కలకు కారును. ఫారడే దీనిని గూడ చూపి, పొరపాటు జరిగినచోటనే నేర్చుకొనవలసిన విషయ మున్నదని పిల్లలకు చెప్పెను. క్రొత్తది ఏది కనబడినను "దీనికి కారణమేమి?" అని అడుగుట మరువవద్దని కోరెను.

కరగిన మైనము వత్తి వెంట పైకెట్లు ప్రాకుచున్నది? ఇది కేశాకర్షణము. ఫారడే ఆ పేరుతో మొదలిడలేదు. పళ్లెములో ఒక ఉప్పుస్తంభమును నిలిపి, నీలిరంగు కలిపిన చిక్కని ఉప్పునీటిని దాని మొదట పోసెను. నీలిరంగు మెల్లమెల్లగా స్తంభము మీదికి ఎగబ్రాకుట పిల్లలు కన్నులార చూచిరి. చూచిన దానికే పేరు వచ్చినది.

జ్వాల నడుమ ఒక గొట్టపు కొనను ఉంచి, రెండవ కొనవద్ద వెలిగింపగా అచ్చట మరొక జ్వాల పుట్టెను. మండునది మైనపు ఆవిరియే యని దీనివలన తెలిసినది. జ్వాలపై మంచుగడ్డలుంచిన పాత్రను పట్టగా దాని అడుగున నీటిబొట్లు ఏర్పడినవి. అది నీరే యని ఎట్లు నమ్ముట? ఒక చిన్న పొటాసియపు ముక్కను ఆ బొట్టుకు తాకింపగా ఊదారంగు మంటతో మండెను. నీటినుండి ఉదజనికి, ఉదజని నుండి ఆమ్లజనికి, ఆమ్లజని నుండి గాలికి, గాలినుండి బొగ్గుపులుసు వాయువునకు, ఒకదానివెంట నొకటిగా ఆరు ఉపన్యాసములు నడచినవి. ఒక దినము మిగిలిన ప్రశ్న మరునాటి ఉపన్యాసమునకు ద్వారమైనది.

ఆరవ దినమున కథ శ్రోతల వద్దకే వచ్చినది. క్రొవ్వొత్తి మండగా వెలువడిన వాయువు సున్నపు తేటను తెల్లగా మార్చును. మనము విడుచు ఊపిరియు అట్లే మార్చును. క్రొవ్వొత్తి మండుటయు, మనము జీవించుటయు రసాయన దృష్టితో చూడగా ఒకదానికొకటి దగ్గరివి. మనుష్యుడు 24 గంటలలో సుమారు ఏడు ఔన్సుల బొగ్గును, అనగా 200 గ్రాములను, ఈ విధముగా వాయువు చేయునని ఫారడే లెక్క చెప్పెను. వెలిగించిన క్రొవ్వొత్తిని చూడవచ్చిన పిల్లలు తమ దేహములలోనే మండుచున్న నెమ్మదియైన మంటను తెలిసికొని ఇండ్లకు పోయిరి. చివరకు, తోటివారికి క్రొవ్వొత్తివలె వెలుగు నిచ్చువారు కావలెనని వారిని దీవించెను.

ఉపన్యాసము వెనుక

ఇంత సాఫీగా నడచిన ఉపన్యాసము వెనుక ఎంత పని యున్నదో ఫారడే వ్రాసికొన్న కాగితములు చెప్పును. వాటిలో ఉన్నవి వాక్యములు గావు. చిన్న చిన్న శీర్షికలు, వాటి ప్రక్కన చేయవలసిన ప్రయోగములు, అంతే. విషయము వరుస కాగితముపై నుండెను, మాటలు శ్రోతల ముఖములను చూచి పుట్టెను. చార్లెస్ ఆండర్సన్ అను మాజీ సైనికుడు పరికరములను వేళకు అందించుచు, అనేక సంవత్సరములు మాటలేక సహాయపడెను.

ఒక యువ ఉపన్యాసకునకు ఫారడే చెప్పిన హితవొకటి కలదు. చేయి తెరచినచో రాయి క్రింద పడునని చెప్పవలసి వచ్చినను, నోటితో చెప్పి ఊరకొనక, నిజముగా చేయి తెరచి రాయిని పడనీయవలె నట. శ్రోతలకు ఇది తెలిసియే యుండునని దేనిని గూర్చియు తలపరాదు. చెవికి చెప్పునప్పుడే కంటికిని చూపవలెను. ఇది పిల్లలను చులకన చేయుట గాదు. ఫారడే వారియెదుట తానును ఒక పిల్లవాడనే యని చెప్పుకొని మొదలిడెను గాని వారికి అర్థము కాదను నెపముతో నిజమును ఎన్నడును తగ్గించి చెప్పలేదు.

క్రొవ్వొత్తి ఉపన్యాసములు రెండవసారి ఇచ్చునాటికి ఫారడేకు అరువది తొమ్మిదేండ్లు. ఎంతో కాలముగా అతని జ్ఞాపకశక్తి తగ్గుచు వచ్చుచుండెను. 1861 అక్టోబరులో బాలోపన్యాసముల నుండి తప్పుకొందునని సంస్థ నిర్వాహకులకు వ్రాసెను. 1862 జూన్ 20 న చివరి శుక్రవారపు ప్రసంగ మిచ్చెను. మరపు మీరిపోవుటచే ఇక శ్రోతలకు న్యాయము చేయలేనను మాటను గూడ, సెలవు తీసికొనుటకై, ఆనాటి కాగితములో ముందుగా వ్రాసికొనెను. ఒక గంట ఉపన్యాసమును వినువాని సొత్తుగా భావించినవానికే ఇట్టి నిర్ణయము సాధ్యము. 1867 ఆగస్టు 25 న ఫారడే మరణించెను.

అతడు నిలిచిన బల్లవద్దనే 1897 జనవరిలో మన జగదీశచంద్ర బోసు విద్యుత్తరంగములను గూర్చి శుక్రవారపు ప్రసంగ మిచ్చెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1939 నుండి 1942 వరకు, నిలిచిపోయిన నాలుగేండ్లు తప్ప బాలోపన్యాసములు ఏటేట జరుగుచు, 1966 నుండి టెలివిజనులో ప్రసారమగుచు వచ్చినవి.

ఫారడే పద్ధతికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. మన యిండ్లలోని ప్రమిద, నూనె, వత్తి చాలును. నూనె వత్తి వెంట ఎట్లు ప్రాకుచున్నది, దీపముపై పట్టిన చల్లని పళ్లెమునకు చెమ్మ ఎచ్చటనుండి వచ్చినది, మసి ఏ పదార్థము అను మూడు ప్రశ్నలతో ఒక తరగతి గంట నిండును. విద్యార్థి ఒకడు ఆ గంటలో పదినిమిషములు నిలిచి చెప్పవలసినచో, అతడు ముందుగా చేయవలసినవి గూడ కొన్నియే. చెప్పదలచినది ఏదో ఒక్క వాక్యములో తేల్చుకొనుట, అంశములను వరుసగా ఒక కాగితముపై వ్రాసికొనుట, ప్రయోగమును ముందే చేసి చూచుకొనుట, గడియారమును చూపుటకు ఒక మిత్రుని ఎదుట కూర్చుండబెట్టుట.

మాట దొరకక అతడు ఆగినచో, తరగతి నవ్వకుండ ఉపాధ్యాయుడు చూడవలెను. ఆ ఒక్క క్షణపు మౌనము దోషము గాదు. ఫారడే నియమము ప్రకారము, మాట తానే వచ్చును.